పదకొండోవాడు

“ముందా ఫొటో తీసెయ్యి వదినా,” అన్నాడు ఎవారిస్తో గుమ్మంలోంచే. తలమీది టోపీ తియ్యలేదు, పోయిన స్నేహితుడికి దండమైనా పెట్టలేదు.

పచూకా ఊళ్ళో చనిపోయినవాళ్ళు ఇంటింటికీ భోజనానికి వచ్చే రోజు అది. ఒబ్దూలియా ముందుగదిలో మెట్లమెట్లుగా బల్ల వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించింది. ఆగస్టులో పోయిన మొగుడు ఫిదెన్సియో కోసం కోడికూర, కల్లు సీసా పెట్టింది. అన్నిటికీ మధ్యన ఆ ఫొటో. దేశం తరఫున ఫుట్‌బాల్ ఆడిన పదకొండుమంది, ఆకుపచ్చ చొక్కాల్లో. నిలబడ్డ వరసలో గోల్‌కీపర్ ఫిదెన్సియో. కూర్చున్న వరసలో కుడివైపు చివర ఎవారిస్తో, ఇరవయ్యారేళ్ళ వయసు, నల్లటి మీసం. అతను తప్ప తక్కిన పదిమందీ ఇప్పుడు లేరు.

బతికున్నవాడి బొమ్మ ఆ బల్లమీద పెట్టడమంటే వాడికి కబురు పంపినట్టే. ఈ సంగతి ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అందుకే ఫిదెన్సియో ఏటా ఈ ఫొటో పెట్టినప్పుడల్లా, ఉన్నవాళ్ళ మొహాల మీద కాగితం ముక్కలు అంటించేవాడు. ఎవరు పోతే వాళ్ళ కాగితం పీకేవాడు. నిరుడు రెండే కాగితాలు మిగిలాయి. ఎవరిది ముందు ఊడుతుందో చూద్దామని ఇద్దరు ముసలాళ్ళూ కల్లు తాగుతూ నవ్వుకున్నారు కూడా. ఇప్పుడు ఎవారిస్తోకి నవ్వు రావడం లేదు.

“నీ కాగితం అంటించాను,” అంది ఒబ్దూలియా. “పొద్దుటినుంచి మూడుసార్లు. మూడుసార్లూ ఊడి కిందపడింది.”

ఎవారిస్తో వెనకాల నిలబడ్డ కొడుకు రమీరో పకపకా నవ్వాడు. తండ్రి మోకాళ్ళు బండి తోలనివ్వవు కాబట్టి అతనే తీసుకొచ్చాడు. లేకలేక పుట్టిన ఇరవై తొమ్మిదేళ్ళవాడు, తండ్రిలాగే మైదానం మధ్యలో ఆడతాడు, తండ్రి నంబరే వేసుకుంటాడు. అతనికి ఇవన్నీ ముసలమ్మ కబుర్లు.

“లక్షమంది అరుస్తుంటే బెదరనివాడివి, కాగితమ్ముక్కకి బెదిరిపోతున్నావేంటి నాన్నా?”

ఎవారిస్తో ఆ పదిమంది వంకా కొడుకు వంకా చూశాడు. నువ్విక్కడ నిలబడొద్దు, పోయి బండి దగ్గరుండమని కసిరాడు. రమీరో నవ్వుకుంటూనే బయటికి పోయాడు.

తరవాత బేరం మొదలైంది. వేరే ఫొటో పెట్టమని ఎవారిస్తో బతిమాలాడు. మొగుడు పళ్ళు కనపడేలా నవ్విన ఫొటో ఇదొక్కటేననీ, మొదటిసారి ఆ దారిన వచ్చేవాడు ఇల్లు ఎలా గుర్తుపడతాడనీ ఆమె కళ్ళు తుడుచుకుంది. పోనీ తనొక్కణ్ణీ కత్తిరించి తీసేస్తానన్నాడు. చివరికి ఒబ్దూలియా కుట్టుపెట్టెలోంచి కత్తెర తెచ్చి అతని ముందు పెట్టింది.

“నువ్వే కత్తిరించుకో. నా చేత్తో మాత్రం చెయ్యను.”

ఎవారిస్తో చట్రం విప్పాడు. పదకొండేళ్ళలో దేశానికి డెబ్బై ఒక్క ఆటలు ఆడాడు. కాలివేలు విరిగిన రోజున కూడా చివరిదాకా నిలబడ్డాడు. ఎంతమంది కోచ్‌లు మారినా, ఆట మధ్యలో అతన్ని బయటికి రమ్మన్నవాడు లేడు. అలాంటిది ఇవాళ తనంతట తనే బయటికి పోతున్నాడు. సిగ్గుగానే ఉంది. కానీ ప్రాణం తీపి. ఎనభైకి చేరువవుతున్నా దాని తీపి రవ్వంత తగ్గలేదు.

“మధ్యలో బంతి అందించేవాడు లేకపోతే వాళ్ళేం చేస్తారు?” అని అడిగింది ఒబ్దూలియా. ఆమె వేళాకోళం ఆడడం లేదు.

“పదిమందితో ఆడుకోమను.”

“ఆయన ఒప్పుకోడు. పదిమందితో ఆడడమంటే ఆయనకి ఒళ్ళుమంట.”

కత్తెర నడిచేకొద్దీ కొవ్వొత్తుల మంటలు అన్నీ ఒకేవైపు, అతని వైపు వాలాయి. కిటికీలు మూసే ఉన్నాయి. తడి గడ్డి వాసన, దానితోపాటు కాళ్ళకి రాసుకునే తైలం ఘాటు గదంతా వ్యాపించాయి. ఎవారిస్తో తల ఎత్తకుండా, తన భుజం చుట్టూ, మోకాలి చుట్టూ కత్తెర తిప్పుకుంటూ పోయాడు. ఆఖరి అంచు తెగగానే ఎక్కడో చిన్నగా ఈల వినపడింది. వీధిలో ఎవరో ఆడుకుంటున్నారనుకున్నాడు.

మంటలు తిన్నగా నిలబడ్డాయి. వాసన పోయింది.

తన ముక్కని జేబులో పెట్టుకునేసరికి గుండెల మీంచి బండ దించినట్టయింది. అప్పుడు టోపీ తీశాడు. ఫిదెన్సియోకి దండం పెట్టి, తప్పుగా అనుకోవద్దని గొణిగాడు. వదిన ఇచ్చిన తీపిరొట్టె రెండు ముక్కలు తిన్నాడు, వేడి చాక్లెట్ తాగాడు. ఆమె మాత్రం చట్రంలో మిగిలిన పదిమందినే చూస్తూ కూర్చుంది. మళ్ళీ వారం వస్తానని చెప్పి బయల్దేరాడు. గుమ్మం దిగేటప్పుడు మోకాళ్ళు కూడా నొప్పనిపించలేదు.

బయట ఎముకలు కొరికే గాలి వీస్తోంది. రమీరో స్వెట్టర్ విప్పి బండిమీద పడేశాడు. ఆటబూట్లు తొడుక్కుని ఉన్నచోటే ఎగురుతున్నాడు. మోకాళ్ళు ఛాతీదాకా లేపుతున్నాడు, మెడ అటూ ఇటూ తిప్పుతున్నాడు. అతని కళ్ళు తండ్రి మీద లేవు, తండ్రి వెనకాల తెరిచి ఉన్న తలుపు మీద ఉన్నాయి.

“ఈ చలిలో ఏంట్రా ఈ గెంతులు? బండెక్కు, పోదాం,” అన్నాడు ఎవారిస్తో.

రమీరో వంగి బూటు తాళ్ళు బిగించుకున్నాడు.

“లోపల్నుంచి పిలిచారుగా నాన్నా. నువ్వు బయటికి వచ్చేశావంట, నీ చోట్లో నన్ను దిగమన్నారు.”