తోమాసు కొరికితేనే

బయట గొళ్లెం పడింది. ఆ వెంటనే తాళం కూడా పడింది.

"ఓ సునీలా! గుర్రంతోటి నన్ను గూడ లోపలేసి తాళం పెడుతున్నవేందే?" రేకుల షెడ్డులోంచి అరిచాడు తోమాసు.

"నువ్వు బయటుంటే ఊకుంటవా బాపు? మల్ల దాన్ని మంఖాల్ వెంచర్‌కు తోలుకపోతవు. ఇరవై ఒక్క దినాలు గిట్లనే. మంచం గూడ లోపలేసిన గదా, పండు."

కూతురు అన్నదాంట్లో అబద్ధం లేదు. భార్య లీలమ్మ చనిపోయిన రెండు నెలల నుంచీ తోమాసు పని అదే. పొద్దున్నే, పెళ్లి ఊరేగింపుల్లో తిప్పే తన బరాత్ గుర్రం బిజిలీని తుక్కుగూడ నుంచి ఆ వెంచర్‌కు తోలుకుపోవడం, అమ్ముడుపోని ప్లాట్లలో అది మేస్తుంటే హద్దురాయి మీద కూర్చోవడం, పొద్దుగూకాక ఇంటికి రావడం.

ఆ గడ్డే కొంప ముంచింది. తనలాగే బరాత్‌లకు తిరిగే యాదగిరి గుర్రాలు రెండూ అక్కడే మేసి, వారం తిరక్కుండా పోయాయి. పైకి ఒక్క దెబ్బ లేదు. లోపల పేగు మొద్దుబారిపోయిందట. మేత గొంతు దిగలేదు, లద్దె పడలేదు. నాలుగు కాళ్లూ ఒక్కచోటికి కూడదీసుకుని, చెమటలు కక్కుతూ, చొంగ కారుస్తూ, నిలబడ్డవి నిలబడ్డట్టే కూలిపోయాయి. తోమాసు కళ్లారా చూశాడు. అప్పటి నుంచి బిజిలీ కాస్త రెప్ప వాల్చినా అతని గుండె జారిపోతోంది.

తాళం పడే ముందు రోజే సునీల ఎక్కడి నుంచో ఒక డాక్టరును పట్టుకొచ్చింది. ఆయన షెడ్డు గడప దాటలేదు. బిజిలీ తోక ఆడిస్తే చాలు, రెండడుగులు వెనక్కి వేసేవాడు. అక్కడి నుంచే ప్రశ్నలు. తిండి తగ్గి ఎన్నాళ్లయింది? నిద్ర ఉందా? రోజంతా ఆ ఎండలోనేనా? అన్నిటికీ సునీలే జవాబు చెప్పింది.

"దీనికి మందు లేదమ్మా," అన్నాడు చివరికి. "ఆ వెంచర్ వైపు పోవడం బంద్. ఒంటరిగా వదలొద్దు. పూటపూటా దగ్గరుండి తినిపించాలి. ఇరవై ఒక్క రోజులకు వచ్చి బరువు చూస్తాను. పెరిగితే గండం గడిచినట్టే."

"గుర్రమంటే గజగజ వణికే డాక్టర్‌ను యాడికెల్లి పట్టుకొస్తివి బిడ్డా?" అని తోమాసు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తినిపించడం దగ్గరే అతను ఇరుక్కున్నాడు. బరాత్‌లో జనం ఊరుకోరు. ఒకడు లడ్డూ, ఒకడు కిళ్లీ గుర్రం నోట్లో కుక్కబోతారు. అందుకని బిజిలీ పిల్లగా ఉన్నప్పుడే దానికో పాఠం నేర్పాడు. ముందు తోమాసు కొరికి మింగితే తప్ప ఎవరి చేతిదీ ముట్టకూడదు. ఒకసారి బడంగ్‌పేట్‌లో పెళ్లికొడుకు మేనమామ బలవంతాన జిలేబీ పెట్టబోతే, అది జిలేబీ వదిలి ఆయన తలపాగా కరుచుకుని, పెళ్లికొడుకుతో సహా ఫంక్షన్ హాల్ వంటశాలలోకి పోయి, తోమాసు వచ్చి జిలేబీ రుచి చూసేదాకా పళ్లు విప్పలేదట. ఆ తలపాగా పొడవు, చెప్పిన ప్రతిసారీ ఒక మూర పెరుగుతుంది.

ఇప్పుడా పాఠమే తోమాసు మెడకు చుట్టుకుంది. పొద్దున జొన్నరొట్టె, ఆనక అరటిపండు, మధ్యాహ్నం ఉడికించిన శనగలు, సాయంత్రం రాగిజావ. ప్రతిదీ ముందు అతనికి, తర్వాత బిజిలీకి.

"గుడ్డేందే? గుర్రం గుడ్డు తింటదా యాడనన్న?"

"కొత్త వైద్యం బాపు. కొరుకు, అది చూస్తున్నది."

"జర చిన్న ముక్క కొరికితే సాలదా?"

"నువ్వు సగం మింగినంక సగం దానికి. నువ్వు నేర్పిన సదువే గదా!"

మొదటి వారం ప్రతి ముద్దా మట్టి తిన్నట్టే ఉంది. ఉమ్మేద్దామంటే బిజిలీ అతని గొంతువంకే చూసేది. మింగేవాడు. అప్పుడే అది నోరు తెరిచేది.

నెత్తి మీద విమానం పోయినప్పుడల్లా రేకులు వణికేవి. "మూడొందల మంది ఒక్కపారి దుబాయ్ పోతున్నరే బిజిలీ, నేను గేటు దాక పోలేకపోతున్న," అని మొరపెట్టుకునేవాడు.

పారిపోవాలనీ చూశాడు. రెండో రోజు రేకుల సందులోంచి ఇట్టే బయటపడ్డాడు గానీ, బిజిలీ సకిలించేసరికి మనసొప్పక అదే సందులోంచి మళ్లీ లోపలికి దూరాడు. పద్దెనిమిదో రోజు దూరబోతే నడుము దగ్గర పట్టేసింది. ఎండకు రేకు ముడుచుకుందనుకున్నాడు.

ఇరవై ఒకటో రోజు తెల్లవారగానే బిజిలీని కడిగి, మాలిష్ చేసి, దాని మెడ మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. "ప్రభువా, దీని బరువు జర సూడు. దీన్ని గూడ తీసుకపోకు."

తాళం తీసిన చప్పుడైంది. ముందు సునీల, వెనక సంచితో డాక్టరు.

"దా సార్, భయపడకు, పట్టుకునే ఉన్న," అంటూ తోమాసు బిజిలీని ముందుకు నడిపించాడు.

డాక్టరు గోడకు ఆనుకుంటూ బిజిలీని దాటుకుని వచ్చి, సంచిలోంచి పలకంత ఉన్న బరువు తూచే మిషన్ తీసి, తోమాసు కాళ్ల ముందు పెట్టాడు.