ఇంటి దరువు

"ఇంటి దరువు" డీజే పాట విడుదలైన పొద్దున విజయవాడ అపార్టుమెంట్లన్నీ ఊగిపోయాయి. దరువు అందరికీ ఒక్కటే, మాటలు మాత్రం ఏ ఇంటివి ఆ ఇంటివే. ఏడాది పొడుగునా గోడలు విన్నవాటిలోంచి ముద్దొచ్చే మాటలు ఏరుకుని పాట తనంతట తానే అల్లుకుంటుంది.

సువర్చల నర్సు. రోజూ ఉదయం డ్యూటీకి పోయే మనిషి, పాట కోసం సెలవు పెట్టి మరీ కూర్చుంది.

"ఇదిగో" అంటూ మొగుడు మురహరి గొంతుతో పాట మొదలైంది. పదహారేళ్లలో అతను ఆమెను పేరుపెట్టి పిలిచి ఎరుగడు. ఆ "ఇదిగో"నే తన పేరనుకుని బతికిన సువర్చల మురిసిపోయింది. వెనక కుక్కర్ కూసింది. తన కుక్కరే, విజిల్ మధ్యలో కీచుమంటుంది.

"ఇదిగో, ఉప్పు సరిపోయిందా చూడు."

మురహరి ఆమెకు ఏనాడూ కాఫీ అయినా కలిపివ్వలేదు.

"ఊఁ" అంది ఓ ఆడగొంతు, నవ్వుతూ. దరువు విరుచుకుపడింది.

గుమ్మంలో నిలబడి పాటకు చేత్తో తాళం వేస్తున్న పక్కింటి నసీమా అంది, "ఆ 'ఊఁ' ఎంత ముద్దుగా అన్నావక్కా. మా పాటంతా పిల్లల గోలే."

సువర్చల తలూపింది. ఆ గొంతు తనది కాదు.

సాయంత్రం మురహరి చెప్పులు విడుస్తూనే అడిగాడు, "ఇదిగో, మన పాట వచ్చిందా? ఎలా ఉంది?"

"బాగుంది" అంది సువర్చల. "ఉప్పు సరిపోయింది."