క్రిస్మస్ తాత చెవిలో

“వద్దు! బూచోడు! నేను రాను!”

స్టేజీ మెట్ల మీదే మూడేళ్ల మహిత తల్లి మెడను చుట్టేసుకుంది. ఎదురుగా ఎర్రకోటు, దూది గడ్డం, బుగ్గలు పొంగించి నవ్వుతున్న ప్లాస్టిక్ ముసుగు. వడమాలపేటలో చర్చి ముందర షామియానా కింద కూర్చున్న వాళ్ళందరికీ క్రిస్మస్ తాత అంటే చాక్లెట్లు. మహితకు మాత్రం ఎంతసేపు చూసినా నవ్వు మారని ఒక మొహం.

గ్రేసీ వెనక్కి తిరగబోయింది. సండేస్కూలు పిల్లలు మెట్ల నిండా వరసకట్టి ఉన్నారు. దిగే దారి అదొక్కటే.

“వచ్చినావా గ్రేసీ? రా, రా.” పాస్టరమ్మ ఎస్తేరు చాక్లెట్ల బుట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. “ఎట్లాగూ ఎక్కినావు గదా, పిల్లోళ్ళందరికీ ఇచ్చేదాకా తాత పక్కన నిలబడి ఇది పట్టుకో.”

“పాప భయపడతా ఉండాది అమ్మగారూ, నేను దిగిపోతా...”

“దిగేదానికి సందు యాడుండాది? ఫోటో తీస్తా ఉండారు, నవ్వు.”

గ్రేసీ నవ్వింది. ఒక చంకలో ఏడ్చే బిడ్డ, ఇంకో చేతిలో బుట్ట, ముందర ఊరు. జుట్టు మహిత పిడికిట్లో ఉంది కాబట్టి తల కూడా ఒక పక్కకే తిరుగుతుంది. ఆ పక్కన ఉన్నది క్రిస్మస్ తాత.

తాత ఎవరో గ్రేసీకి తెలుసు. ఏటా ఆ కోటు వేసేది ఆమె మొగుడు విజయ్ కుమారే. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చి చర్చి వెనక గదిలో వేషం కట్టుకుంటాడు. స్టేజీ మీద తాత నోరు విప్పకూడదన్నది అక్కడి కట్టుబాటు. గొంతు వింటే పిల్లలు గుర్తుపట్టేస్తారు.

“ఏడవొద్దు బంగారూ, మీ నాయనే,” అని కూతురి చెవిలో చెప్పింది.

“గాదు! నాయన గాదు!” మహిత ఇంకో స్థాయి అందుకుంది.

ఇంతలో కుర్రాళ్ళు డప్పులు మొదలుపెట్టారు. లౌడ్‌స్పీకర్లో పాట వచ్చింది. చంకలో ఉన్న బిడ్డ ఏడుపే తల్లికి వినబడకుండా పోయింది. గ్రేసీ ముందు వరస వైపు చూసింది. అత్త సంతోషమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. బిరియానీ దగ్గరికి పోయుంటుంది. ఆమె చెప్పందే గుండిగ మూత తీసే ధైర్యం ఈ సంఘంలో ఎవరికీ లేదు.

ఇంట్లో మొగుడితో రహస్యం చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ చోటు దొరకలేదు. ఊరంతా చూస్తుండగా ఇప్పుడు దొరికింది. తాత చెవి దగ్గరికి నోరు చేర్చింది.

“ఏమండీ, తల తిప్పకుండా వినండి. రేపు పొద్దున్నే పాపను తీసుకొని పులికాట్ కాడికి, మా ఊరికి పోతా ఉండా. మా అమ్మకు నూటమూడు జొరమని పొద్దున మీ అమ్మకు చెప్పినా. పాపం, సరే పోయిరా అనింది. జొరమూ లేదు, ఏమీ లేదు. మా అమ్మ శుభ్రంగా నిచ్చెనెక్కి స్టార్ కట్టుకుంటా ఉండాది. మీ అమ్మ అడిగితే మీరు గూడా జొరమనే చెప్పండి. కాదన్నారంటే నా ప్రయాణం ఈడికే ఆగిపోతుంది.”

చాక్లెట్ ఇవ్వబోయిన తాత చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. కింద ఒక బుడ్డోడు అరచేయి చాపుకుని చూస్తున్నాడు.

“ఆగిపోతారేంది? ఇయ్యండి వాడికి.”

తాత ఇచ్చాడు. ఒకటి కాదు, గుప్పెడు.

“ఈ బిడ్డ పుట్టినప్పటి నుంచీ నేను పండక్కి పుట్టింటికి పోలేదు. పోతానన్నప్పుడల్లా మీ అమ్మకు ఏదో ఒకటి. ఒకసారి ఆవు ఈనేది, ఒకసారి బోరు మోటారు కాలింది. నేను పులుసు చేస్తే, ‘ఇది పులుసా, పాపకు పోసే నీళ్ళా’ అని నలుగురిలో అడుగుతుంది. నాలుగు దినాలు ఆమె మాట వినకుండా ఉంటే నాకు అదే క్రిస్మస్.”

ఏటా డప్పు వింటే ఎగిరి దూకే మనిషి ఈసారి పాతిన గుంజలాగా నిలబడి ఉన్నాడు.

“ఎగరరేంది? కోపమొచ్చిందా? కన్నతల్లి గదా, రానీలెండి. రేపు నన్ను పంపిస్తానని మాత్రం మాటియ్యండి. తలకాయ ఊపితే చాలు.”

ముసుగు నిదానంగా కిందికీ పైకీ ఊగింది.

గ్రేసీకి ప్రాణం లేచొచ్చింది. ఫోటోగ్రాఫర్ అడక్కుండానే నవ్వింది. ఆ రోజు మొత్తానికి నిజంగా నవ్వింది ఆ ఒక్క ఫోటోలోనే.

డప్పులు ఆగాయి. మహిత ఏడ్చి ఏడ్చి భుజం మీదే కునికింది. ఎస్తేరు మెట్ల మీది పిల్లల్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి వచ్చింది. “గ్రేసీ, కుర్చీలో నీ ఫోను ఒకటే మోగతా ఉండాది. మీ ఆయన.”

ఆయన ఈడే ఉంటే ఫోను ఎవరు చేస్తారని గ్రేసీ అనుకునే లోపే ఎస్తేరు ఆ ఫోను ఆమె చెవికి ఆనించింది.

“గ్రేసీ, ఎన్నిసార్లు చేసేది? బండి పుత్తూరు దాటినాక నిలిచిపోయింది, నేనింకా రోడ్డు మీదనే ఉండా,” అన్నాడు విజయ్ కుమార్. “తాత వేషానికి నేను రాలేనని అమ్మకు అప్పుడే చెప్పేసినాలే.”

బుట్ట జారింది. చాక్లెట్లు స్టేజీ అంతా దొర్లాయి. క్రిస్మస్ తాత తొందరేమీ లేకుండా వంగి, ఒక్కొక్కటే ఏరి, బుట్టను మళ్ళీ గ్రేసీ చేతిలో పెట్టాడు. తర్వాత ఆ ప్లాస్టిక్ నవ్వు ఆమె చెవి దగ్గరికి వచ్చింది.

“నూటమూడు జొరమంటే మాటలా అమ్మాయీ? రేపు నేను గూడా వస్తా పద. వదినను సూసినట్టుంటుంది, పులికాట్ రొయ్యలు తిన్నట్టుంటుంది.”