దగ్గు రాని మాత్ర

"పాత మాత్రే మళ్ళీ రాసివ్వమ్మా," అంది అన్నపూర్ణేశ్వరి, కుర్చీలో సరిగ్గా సర్దుకోకముందే.

డాక్టర్ హారిక ఆవిడ భర్త సదాశివరావు కాగితాలు తిరగేసింది. సరోజినీ నగర్ మార్కెట్ వెనక చిన్న క్లినిక్ అది. జబ్బు తెలుగులో చెప్పుకోవచ్చని చుట్టుపక్కల మనవాళ్ళంతా అక్కడికే వస్తారు.

"పోయిన నెలే కదా ఆంటీ మార్చాం? పాతది గుండెకి మంచిదే కానీ కొందరికి పొడిదగ్గు తెస్తుంది. అంకుల్‌కి దగ్గు తగ్గలేదా?"

"తగ్గింది. మొత్తం పోయింది," అంది ఆవిడ, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"ఈవిడ మాట వినకు తల్లీ," అన్నాడు పక్క కుర్చీలోంచి సదాశివరావు. "ఆర్నెల్లు దగ్గాను. పక్క ఫ్లాట్ చోప్రా గోడ బాదేవాడు. ఈవిడ మాత్రం హాయిగా గురక పెట్టేది. కొత్త మాత్రతో నాకొచ్చిన నష్టం ఒక్కటే. ఇదివరకు మెట్రోలో దగ్గితే చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యేవి. ఇప్పుడు నిలబడి రావాల్సొస్తోంది."

హారిక నవ్వింది. "అచ్ఛా. మరి మీకేంటి ఇబ్బంది ఆంటీ?"

అన్నపూర్ణేశ్వరి కళ్ళజోడు పెట్టుకుని, సంచిలోంచి పాత క్యాలెండర్ కాగితం తీసింది. వెనకవైపంతా రాసుకొచ్చింది.

"ఒకటి, నిద్ర పట్టదు."

"ఎవరికి? మంచినీళ్ళు కావాలా అని రాత్రికి మూడుసార్లు నువ్వు లేపితే తప్ప నేను కదలను."

"మీరు ఊరుకోండి. రెండు, గుండె దడ. మూడు, ఛాతీ పట్టేసినట్టుంటుంది. ఒక్కోసారి ఊపిరి అందదు."

హారిక నవ్వు ఆగిపోయింది. సదాశివరావు రెండేళ్ళ క్రితం గుండెకి స్టెంట్ వేయించుకున్న మనిషి.

"అంకుల్, ముందు ఈసీజీ తీయించుకోండి. పక్క గదిలోనే."

"నాకేం లేదంటే వినరే," అని గొణుగుతూ వెళ్ళాడాయన.

పది నిమిషాల్లో రిపోర్టు వచ్చింది. హారిక దాన్ని రెండుసార్లు చూసింది.

"అంతా బావుంది. ఛాతీలో ఏ బాధా లేదని ఆయన ఒట్టేసి చెప్తున్నారు. ఇవన్నీ ఎవరికి ఆంటీ?"

ఆవిడ కాగితం మడిచింది. "నాకే."

"మీరూ ఆ మాత్ర వేసుకుంటున్నారా?"

"ఆయన మాత్ర నేనెందుకు వేసుకుంటానమ్మా."

హారిక ఆవిడనీ వదల్లేదు. పక్కనున్న బల్ల మీద పడుకోబెట్టి బీపీ చూసింది, మెషీను ఈ గదికే తెప్పించి ఈసీజీ తీసింది. గుండె కాస్త తొందరగా కొట్టుకుంటోంది, అంతే.

"పోనీ, అంకుల్‌కి ఇంకో రకం రాయనా?"

"దాంతో దగ్గొస్తుందా?"

"రాదు."

"అయితే వద్దు. పాతదే రాయి."

"దగ్గు మళ్ళీ మొదలవుతుంది ఆంటీ."

"దగ్గుకేముంది, దగ్గుకుంటారు."

హారిక కలం కింద పెట్టేసింది. "ఆయనకి దగ్గు పోతే మీకు నిద్ర ఎందుకు పోవాలి?"

అన్నపూర్ణేశ్వరి తలుపు వైపు చూసింది. అవతల సదాశివరావు మెట్రో సీట్ల సంగతి టెక్నీషియన్‌కి హిందీలో మొదలుపెట్టాడు. ఆవిడ గొంతు తగ్గించింది.

"చీకట్లో దగ్గు వినబడుతుంటే, ఉన్నారని తెలిసేది."