బీరువా వెనక స్విచ్

ఫ్లాస్కు మూత ఎవరు పోగొట్టారని బయల్దేరేముందే గొడవ. "నీ చేతికిస్తే కొండైనా మాయమే," అన్నారు మావారు. "వాడి మాటలకేం గానీ, నా పక్కన కూర్చోమ్మా," అని అత్తగారు నన్ను కారెక్కించారు. పెళ్లయిన ఆరు నెలలకి మొదటి ప్రయాణం.

కోట చూశాం, సరస్సులో పడవెక్కాం, వేయించిన చేపలు తిన్నాం. చీకటి పడ్డాక పాటలూ రంగుదీపాలూ ఉన్న వీధిలో కాళ్లు నొప్పెట్టేదాకా తిరిగాం. "ఈ ఊరు నాకూ కొత్తే," అని ఆయన రోజంతా అంటూనే ఉన్నారు.

ఊరి చివర బసకి చేరేసరికి ఆ సందడంతా ఆగిపోయింది. గది చీకటిగా ఉంది. నేను గోడ తడుముతుంటే, ఆయన నన్ను దాటుకెళ్లి బీరువా వెనక చెయ్యి పెట్టి లైటు వేశారు. స్విచ్ అక్కడ ఉంటుందని ఎవరనుకుంటారు? కొత్త కాపురంలో వంటింటి స్విచ్‌లు తెలియడానికే నాకు వారం పట్టింది.

తువ్వాళ్లు తెచ్చిన, బస నడిపే ఆవిడ నన్ను చూసి గొంతు తగ్గించింది. "మీరూ ఇక్కడే ఉండిపోతారామ్మా?"

"మీరూ అంటే?"

ఆవిడ జవాబు చెప్పేలోపే, భోజనానికి రమ్మని అత్తగారు పిలిచారు.

బల్ల దగ్గర మావారు మూతి తుడుచుకున్నారు. "అమ్మా, దీనికి ఒంట్లో బాగాలేదు. ఇక్కడే ఉంటుంది. రేపు మనిద్దరం వెళ్లిపోదాం."

నాకు తలనొప్పైనా లేదు. అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ మెల్లగా విడిపించుకున్నారు.

"సరేరా. పోయినసారిలా కాకుండా, తెల్లారకముందే బయల్దేరుదాం."