మాస్టారు ఆర్ కమింగ్!

ఇళ్ల తలుపులన్నీ ఇంగ్లీషులో చెబితేనే తెరుచుకునే రోజులవి. చిన్నప్పుడు గ్రామరు నేర్పిన సోమయాజులు మాస్టారు కొత్తింటికి వస్తున్నారని పొంగిపోయి, వరాహమూర్తి తలుపుతో "మై మాస్టారు ఆర్ కమింగ్" అన్నాడు.

మాస్టారు వచ్చారు, వానా వచ్చింది. తలుపు మాత్రం తలూపలేదు. వచ్చింది ఒక్కరేననీ, మిగతావాళ్లూ వస్తేనే తెరుస్తాననీ భీష్మించింది. గొడవ విని ఇరుగుపొరుగు పోగయ్యారు.

"ఒక్కణ్ణే కదరా! 'ఈజ్' అను, తడిసి ముద్దవుతున్నాను!" బయటినుంచి అరిచారు మాస్టారు.

"మిమ్మల్ని ఏకవచనంలోనా? నా నోట రాదండీ!"

"గౌరవం తరవాతరా, ముందు గొళ్లెం!"

వరాహమూర్తి కళ్లు మూసుకుని "మాస్టారు ఈజ్ కమింగ్" అనేసి, టపటపా లెంపలు వేసుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

మాస్టారు తల తుడుచుకుంటూ అందరివైపూ తిరిగారు. "మర్యాద కోసం వీడు నన్ను నలుగుర్ని చేశాడు. తలుపేమో ఆ నలుగురి కోసం కూర్చుంది! అప్పట్లో తప్పు రాసినందుకు నేనిచ్చిన లెంపకాయల కన్నా, ఇవాళ ఒప్పు చెప్పినందుకు వీడు వేసుకున్నవే గట్టిగా మోగాయండోయ్!"