మ్యాట్నీలో పెళ్లికూతురు

తెర మీద పేర్లు పడుతుండగా లోపలికి వచ్చిన మనిషిని చూసి లీలమ్మ గుండె ఆగినంత పనైంది.

"దుర్గయ్య!" అంది, పక్కనున్న పర్వతాలు చెయ్యి గిల్లి.

"ఏడ?"

"గదిగో. మన ముందల, రెండు వరుసలకు."

పర్వతాలు కుర్చీలో కిందికి జారాడు.

నకిరేకల్‌లోని ఆ హాలుకు కుర్చీ క్లాసు తలుపు ఒక్కటే. అది దుర్గయ్య పక్కనే ఉంది. లేచిపోదామంటే అతని మోకాళ్లు రాసుకుంటూ పోవాలి.

ఆ పొద్దునే చెర్వుగట్టు గుడిలో వాళ్ల పెళ్లయింది. కొబ్బరికాయలమ్మే నర్సింగమ్మే ఆడపెళ్లివారు, ఆమే మగపెళ్లివారు. మొక్కు తీర్చుకొస్తానని మాత్రమే ఇంట్లో చెప్పి వచ్చింది లీలమ్మ. ఆ ఇంట్లో దుర్గయ్య మాటే మాట. బజారుకు పోవాలన్నా అతనికి చెప్పి పోవాల్సిందే. అలాంటిది, ఎదురు గల్లీ టైలర్‌ను పెళ్లాడి వచ్చానంటే గడప తొక్కనిస్తాడా? ఎలా చెప్పాలో తోచకే, చీకటి పడేదాకా ఇక్కడ కూర్చుందామని వచ్చారు.

భయం ఒక పక్క. ఇంకో పక్క మెడలో పచ్చి పసుపు వాసన. ఒళ్లో మిరపకాయ బజ్జీల పొట్లం వెచ్చగా. ఒంటి మీద రవికె, కొలతలు తీయకుండానే ఆయన సరిగ్గా కుట్టింది. నిన్నటిదాకా 'లీలమ్మా' అన్న నోరు పొద్దుటి నుంచి 'లీలా' అంటోంది. అన్నప్పుడల్లా ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టుంది.

ఒకప్పటి ఫైటింగ్ హీరో వీరకుమార్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చిన సినిమా అది. అతని సినిమా ఒక్కటీ వదలని పర్వతాలు, కళ్లద్దాలు తుడుచుకుని మరీ కూర్చున్నాడు. మొదటి ఫైటుకే నీరుగారిపోయాడు. వీరకుమార్ లేపిన కాలు రౌడీ నడుం దగ్గరే ఆగింది. రౌడీ పాపం, తనే వంగి దవడ మీద తన్నించుకున్నాడు.

"పైలం తాతా! నడుం పట్టుకుంటది!" నేల టిక్కెట్ల నుంచి ఎవడో అరిచాడు.

హాలంతా ఘొల్లుమంది. అందులో దుర్గయ్య నవ్వును లీలమ్మ విడిగా గుర్తుపట్టింది.

పాటలో వీరకుమార్ హీరోయిన్ మెడలో దండ వేశాడు.

"మనుమలను ఆడిచ్చే వయసుల గీనికి పెండ్లి గావాల్నా!" ఇంకొకడు.

పెండ్లి అన్న మాట వినబడగానే లీలమ్మ కొంగు మెడ చుట్టూ బిగించుకుంది. దుర్గయ్య ఏమంటాడోనని చెవులు రిక్కించింది. ఈసారి అతని నవ్వు వినబడలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

ఇంటర్వెల్. దీపాలు వెలిగాయి. లీలమ్మ ముఖం మీదికి కొంగు లాక్కుంది. పర్వతాలు పోని చెప్పును సీటు కింద వెతకసాగాడు. దుర్గయ్య, నిద్రపోతున్న కూతురును భుజాన వేసుకుని తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. బెల్లు మోగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

"నేను పోయి చెప్త," అన్నాడు పర్వతాలు, సీటు కింది నుంచే.

"నీకు పుణ్యముంటది, లేవకు!"

"నేనేమన్న దొంగతనం జేసిన్నా?"

"దొంగ లెక్కనే గద, కుర్చి కింద జొర్రినవ్!"

మళ్లీ చీకటి పడింది. క్లైమాక్సులో వీరకుమార్ మేడ మీది నుంచి గుర్రం మీదికి దూకాడు. దూకిన మనిషి వేరు, దిగిన మనిషి వేరు అని హాలులో అందరికీ తెలుస్తూనే ఉంది.

పర్వతాలు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "చూడు లీలా. దూకినోని నడుం ముప్పై. దిగినోనిది నలభై. గా ప్యాంటు కుట్టిన టైలర్‌కు దండం బెట్టాలె."

లీలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. లాభం లేకపోయింది. సరిగ్గా తెర మీద చప్పుడు ఆగిన క్షణాన, ఆమె నవ్వు పగిలి హాలంతా వినబడింది.

ముందు రెండో వరుసలో ఒక తల వెనక్కి తిరిగింది. చూసింది. మళ్లీ ముందుకు తిరిగింది.

మిగతా సినిమా ఏమైందో లీలమ్మకు తెలియదు. ఆ మెడనే చూస్తూ కూర్చుంది. అది ఇటూ అటూ కదల్లేదు.

శుభం పడింది. జనం తిట్టుకుంటూ బయటికి పోయారు. దుర్గయ్య మాత్రం వరుసలు దాటుకుంటూ నేరుగా వాళ్ల దగ్గరికి వచ్చాడు.

పర్వతాలు లేచి ఆమెకు అడ్డం నిలబడ్డాడు. "తప్పంత నాదే దుర్గయ్యా. ఆమెనేమనకు."

"నువ్వు జర ఆగు."

దుర్గయ్య ఆమె తలలో మల్లెపూలు చూశాడు. మెడలో పసుపుతాడు చూశాడు.

"నవ్వింది నువ్వేనా?"

లీలమ్మ తల వంచుకునే ఊపింది.

"నువ్వు గట్ల నవ్వంగ నేనెన్నడు ఇనలే," అన్నాడు.

తర్వాత భుజం మీది కూతురును మెల్లగా తట్టి, "లే బిడ్డా, మీ నాయినమ్మ పెండ్లి చేసుకున్నది, కొత్త తాతకు దండం బెట్టు," అన్నాడు.